నివేదికలో మా పెదనాయన పేరు కొట్టేసి నా పేరు రాయమని

ఆదోని

పత్తి వర్తక సంఘాల పర్యవేక్షణాధికారి గారి సమక్షమునకు, ఆదోని కాపురస్తుడు, ఇంజనీరింగు పట్టభద్రుడు మనీష్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: శ్రీ వీరభద్ర పత్తి వర్తకుల సంఘం వెబ్‌సైటు ప్రారంభ సభ నివేదికలో "తప్పు నాదే" అను వాక్యమునకు ఎదురుగా ఉన్న పేరును మార్చుట గురించి.

1. సదరు సభకు తమరు ముఖ్య అతిథిగా విచ్చేసియున్నారు. సంఘం అధ్యక్షులు శ్రీ మల్లికార్జునయ్య గారు నాకు పెదనాయన, అనగా మా నాయనకు స్వయాన అన్న. "వెబ్‌సైటు ఫోనులలో పనిచేయలేదు. ఈ విధముగా చేయించినది నేనే, తప్పు నాదే అని అధ్యక్షులు ఒప్పుకొన్నారు" అని నివేదికలో ఉన్నది. ఆయన ఆ మాట అన్నది వాస్తవమే. తమ కార్యాలయం వారు విన్నది విన్నట్టే వ్రాశారు. అయితే ఆ వెబ్‌సైటును తయారు చేసినది నేను. ఆ సంగతి ఆ హాలులో ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ.

2. అది అట్లా ఎందుకు తయారైందో కూడా తమరికి విన్నవించుకోవాలి. మా అంగడిలో పాత కంప్యూటరు ఒకటి ఉంది. రైతు పేరు, లాటు (అమ్మకానికి తెచ్చిన పత్తి రాశి), తూకం, రేటు అన్నీ పెదనాయన అందులోనే ఎక్కిస్తారు. తెర మీది బొమ్మను రెండుసార్లు నొక్కితే కిటికీ లాంటి పెట్టె తెరుచుకుంటుంది. దాన్ని పట్టి పక్కకు జరపవచ్చు. మూలన ఎర్ర గుర్తు నొక్కితే మూసుకుంటుంది. ఆయనకు కంప్యూటరంటే అదే. ఇంటర్నెట్ అంటే మాత్రం భయం.

"దాంట్లో ఏదో ఒగటి నొక్కితే యాడికో పోతాదప్పా, మళ్లా ఎనక్కి వచ్చే దావ దొరకదు. ఇదైతే మూస్తే మూసినట్టు, తెరిస్తే తెరిసినట్టు" అనేవారు.

గోనెగండ్ల రైతైనా హాలహర్వి రైతైనా తన లాటుకు ఎంత రేటు పలికిందో ఇంటి దగ్గరే చూసుకోవాలని సంఘం వారు వెబ్‌సైటు పెట్టదలచినప్పుడు, ఆ పని నేను చేస్తానన్నాను. "అచ్చం నీ కంప్యూటరు మాదిరే చేస్తా పెదనాయనా" అన్నాను. వెబ్ పేజీలో బొమ్మలు, కిటికీలు, కింద పట్టీ, మౌసు కుడి మీట నొక్కితే విచ్చుకునే జాబితా అన్నీ పెట్టాను. ఆయన మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని, గోనెగండ్ల రేట్ల కిటికీని ఎడమ పక్కకూ హాలహర్వి కిటికీని కుడి పక్కకూ తన చేత్తోనే జరుపుకున్నారు. పెద్ద వయసులో మనిషికి అంత సంబరం నేను చూడలేదు. నిజం చెప్పాలంటే అందులో ఆయన కోరిక ఒక వంతు, నా గొప్ప మూడు వంతులు. వెబ్ పేజీని ఇట్లా ఆడించగలిగినవాడు ఈ ఊళ్ళో నేనొక్కడినేనని లోపల పొంగిపోయాను.

ఆయన ఒక్కటే అడిగారు. "రైతులు ఫోన్లో సూసుకుంటారు గదా మనీషూ, ఫోన్లో వస్తాదా?"

"అన్నిట్లోనూ వస్తాది" అన్నాను. నా ఫోను నా జేబులోనే ఉంది. తీసి చూడలేదు.

3. సభలో జరిగినది తమరు చూసినదే. తమరికి కనబడనిది మాత్రం వ్రాస్తాను. చివర్లో నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలని పెదనాయన ఆశ. అందుకే అంతవరకు నా పేరు ఎవరికీ చెప్పలేదు. నేను కొత్త చొక్కా వేసుకుని, గోడ వారగా రైతుల మధ్య నిలబడి ఆ పిలుపు కోసం చూస్తున్నాను.

పెద్ద తెర మీద ఆయన మౌసుతో చూపించినంతసేపూ బాగానే జరిగింది. తర్వాత తమరు న్యాయంగానే అడిగారు, అందరూ ఫోన్లలో తెరిచి చూడండి అని. తెరిస్తే ఆ తెరంతా తపాలా బిళ్ళంత అయింది. బొమ్మలు ఆవగింజలు. రెండుసార్లు నొక్కితే కిటికీ తెరుచుకోలేదు, పేజీ ఉబ్బి అంచులు దాటిపోయింది. రేటు కనబడాలంటే లాటు మీద మౌసు కుడి మీట నొక్కాలి. పెదనాయన మైకు పట్టుకుని, "కుడిపక్క నొక్కండప్పా, కుడిపక్క" అని చెప్పారు. ఫోనుకు కుడిపక్క ఉండేది ఆపే మీట. పెద్దమనిషి చెప్పాడని అందరూ దాన్నే నొక్కారు. హాలులో ఫోన్లన్నీ నల్లబడ్డాయి.

ముందు వరసలో అంజినమ్మ అనే రైతు తన ఫోను పైకెత్తి, "సామీ, నాది సచ్చిపోయినాది!" అంది. ఇక నవ్వు ఆగలేదు. పెదనాయన ఏం జరిగిందో తెలియక, "గట్టిగా నొక్కండప్పా" అని మళ్ళీ అన్నారు. నవ్వు ఇంకా పెరిగింది.

నా పక్కన గోనెగండ్ల మద్దయ్య ఉన్నాడు. పత్తి మా అంగడికే తెస్తాడు గానీ, నేను అంగట్లో కూర్చోను గనుక నేనెవరో ఎరగడు. "ఎవుడు సేసినాడో గానీ, వాడు ఫోను మొగం సూడనోడప్పా. ఏమంటావు?" అని నా భుజం తట్టాడు.

"అవునన్నా" అన్నాను. అని నవ్వాను.

అయ్యా, ఊరికే పెదవి కదల్చడం కాదు, పళ్ళు కనబడేట్టు నవ్వాను. అప్పుడే తమరు వేదిక మీద అడిగారు, దీన్ని ఎవరు చేశారని. పెదనాయన ఒకసారి జనం వైపు చూశారు. తర్వాత మైకులో, "నేనే సార్ ఇట్లా సేయించింది. కంప్యూటరు మాదిరి ఉండాలని పట్టుబట్టినాను. తప్పు నాదే" అన్నారు. నేను మద్దయ్య వెనక్కి జరిగాను.

4. ఇంటికి వెళితే మా పెద్దమ్మ వాసవి గారు వాకిట్లోనే అడిగారు. "ఏమైందప్పా ఆడ? వచ్చినప్పట్నుంచీ మీ పెదనాయన కండువా గూడా తియ్యకుండా కూర్చుండారు."

"ఏం లేదు పెద్దమ్మా, కరెంటు పోయినాది" అన్నాను. శాలువా కవరు విప్పకుండా బల్ల మీద ఉంది. ఇంకో అబద్ధం చెప్పవలసి వస్తుందని నీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

అప్పటినుంచి పెదనాయన అంగడికి రావడం లేదు. అధ్యక్ష పదవికి రాజీనామా వ్రాసి పంపారు. మార్కెట్ యార్డులో ఎవరి ఫోను ఆగినా "కుడిపక్క నొక్కినావేమప్పా" అనడం వాడుకైపోయింది. నేను ఉన్నప్పుడు కూడా అంటున్నారు. వెబ్‌సైటు చేసింది నేనని తెలియదు కనుక నన్ను కూడా నవ్వమని చూస్తారు.

వెబ్‌సైటును మళ్ళీ మొదటినుంచి చేశాను. ఇప్పుడు ఫోనులో పేరు మీద ఒకసారి వేలు పెడితే రేటు కనబడుతుంది. మద్దయ్య కూడా చూసుకుంటున్నాడు. పని జరిగింది గదా అని నన్ను నేను సమాధానపరచుకోవాలని చూశాను, కుదరలేదు. కొత్త పేజీని ల్యాప్‌టాపులో ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే పెదనాయన ఒకసారి చూశారు. "బాగుందప్పా" అని, కిటికీ కోసం కాసేపు వెతికి, మౌసు వదిలేశారు.

5. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

నివేదికలో శ్రీ మల్లికార్జునయ్య గారి పేరు కొట్టివేసి, సదరు వెబ్‌సైటును తయారు చేసి, ఫోనులో పరీక్షించకుండానే వస్తుందని చెప్పి, సభలో అడిగినప్పుడు దాక్కున్నవాడు మనీష్ అని వ్రాయించవలెను. ఆయన రాజీనామాను ఆమోదించవద్దని సంఘం వారికి ఒక మాట చెప్పవలెను. కంప్యూటరు తెరలాంటి పాత పేజీని అంగళ్ళలో వాడుకునే ఆయనలాంటి పెద్దల కోసం వేరుగా ఉంచుటకు అనుమతించవలెను. ఆ పేజీలో తప్పు లేదు. దాన్ని ఎవరి చేతికి ఇవ్వాలో ఆలోచించని నాలో ఉంది.

సిగ్గుతో వ్రాసుకొన్న ఈ సంగతులు తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మనీష్

తా.క.: తమకు ఇచ్చేముందు ఈ అర్జీ పెదనాయనకు చదివి వినిపించడం ధర్మమని ఈ ఉదయం వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. మద్దయ్య మాట దగ్గర ఆగాను.

"సదువు" అన్నారు. "నువ్వు నవ్వింది నాకు కనపడింది లేప్పా. వేదిక ఎత్తు మీద ఉంటాది గదా."

నేను కాగితం కిందికి దించాను.

"ఆ పొద్దు నీ పేరు సెప్పేది నాకేం కష్టం? నువ్వే వస్తావేమో అని సూస్తాంటి."

మిగతాది ఎట్లా చదివానో నాకు తెలియదు. అంతా విని, "ఇయ్యిపో. నీ పేరు రాయించుకో. నాది మాత్రం కొట్టేయొద్దని సెప్పు, అట్లా కావాలన్నది నేనే గదా" అన్నారు.

కాబట్టి అయ్యా, ఆయన పేరు తీయనక్కరలేదు. పక్కన నాది చేర్చండి. వచ్చే సమావేశంలో ఆ వాక్యాన్ని మైకులో చదివించండి. చదివేటప్పుడు నేను మద్దయ్య పక్కనుంచి లేచి, నడిచి వేదిక మీదికి వస్తాను.