హాలు దీపానికి కొలత

కమెనిట్స్కీ షెనోవ్, ఆదివారం

బ్లజేనా,

నా దగ్గు తగ్గింది, దిగులు పడకు. మన వాకిలి హాల్లోకి ఆరు కొమ్మల షాండ్లియర్ ఎంచాను. ఎవరి తలకీ తగలకుండా, దాన్ని వేలాడదీసే గొలుసు కత్తిరించాలని, "మీ ఇంట్లో అందరికన్నా పొడుగెవరు?" అన్నాడు కొట్టతను షిమెక్.

"నేనే."

"మరి అమ్మాయో? ఎదిగే వయసు కదా!"

లుడ్మిలా ఎత్తు చూపబోయి చెయ్యి నా నడుం దగ్గర పెట్టాను, ఛాతీదాకా లేపాను, దించేశాను.

"ఏమయ్యా, కన్నకూతురి ఎత్తు తెలీదా?" అని నవ్వాడు. నేను ఇంటి మొహం చూసి రెండేళ్లయింది మరి.

మేక ఈనిందా? దూలానికి కొక్కెం బిగించమని మీ అన్నయ్యతో చెప్పు. అత్తయ్యకు నమస్కారాలు, అమ్మాయికి దీవెనలు. దాన్ని గోడకు నిలబెట్టి, సరిగ్గా దాని ఎత్తుకు దారం తెంపి పంపించు. గొలుసు నా ఎత్తు చూసి కత్తిరించేశారులే. దారం నాకు కావాలి.

ఒటాకర్