సంచిని ఎందుకు ముట్టుకున్నాడని అడిగారు

మామా,

నీ బస్సులో దొరికి నీ ప్రాణం తీసిన ఆ బాంబు సంచి గురించి ఈరోజు కృష్ణగిరిలో సాక్ష్యం చెప్పి వచ్చాను. బాంబుల భయం ఉందని తెలిసీ ప్రభుత్వం ఎందుకు సిద్ధంగా లేదో తేల్చడానికి ఒక జడ్జిగారితో విచారణ సంఘం వేశారు. వచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను.

ప్రభుత్వ వకీలు మెత్తగానే అడిగాడు. "కండక్టరైన మీ ఆయనకు ఆ సంచితో ఏం పనమ్మా? పోలీసులు వచ్చేదాకా ముట్టుకోకూడదని తెలియదా?"

గట్టిగానే చెప్పాను.

"ఎవురు నేర్పినారు సార్ ఆయప్పకి? పోలీసులకి ఫోన్ చేస్తే, బాంబు తీసేవాళ్ళు దూరం నుంచి రావల్ల, ఆడే ఉండండి అన్నారంట. బస్సు నిలిచింది ఉద్దనపల్లి సంత పక్కన. బస్సులోవాళ్ళు దిగినారు, సంతలో జనం యాడికి పోతారు? అందుకే చేన్లోకి ఎత్తుకొని పోయినాడు."

జడ్జిగారు ఆ మాటలన్నీ రాయించారు. "ఆయన తప్పేమీ లేదమ్మా," అన్నారు. నీ బస్సు డ్రైవరన్న బయటికొచ్చి ఏడ్చాడు.

నిజం చెప్పనా మామా? ఆ వకీలు అడిగిందే నేనూ నిన్ను రోజూ అడిగాను. దాన్ని వదిలేసి నా దగ్గరికి పరిగెత్తి రాలేకపోయావా అని. ఆ కోపంతోనే ఇన్నాళ్ళూ పొద్దున లేచాను, పనికి పోయాను. ఈరోజు అందరి ముందూ నువ్వు చేసింది సరైనదేనని నేనే చెప్పి వచ్చాను. ఇక నీ మీద కోపగించుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది.