చలిలో పెట్టిన బొట్టు

కృష్ణగిరి,
ఏప్రిల్ 1997

ప్రియమైన నమితకు,

పక్కింటి సుబ్బక్క చిరునామాకు రాస్తున్నాను. మన ఇంటికి రాస్తే ముందు నాన్న చేతిలో పడుతుంది, ఆయన చదివాకే నీ వంతు.

నాన్న పెట్టించిన ఈ కొత్త షాపులో బ్యాటరీలు అమ్మడం సులువే. అమ్మినవి తిరిగి రాకుండా చూడటమే కష్టంగా ఉంది. షాపు వెనక రేకుల గది. అందులోనే చార్జింగ్, అందులోనే నా పడక. పగలంతా కాగిన కొండ రాళ్ళు సాయంత్రం ఆ వేడిని మా మీదికి వదులుతాయి. చార్జింగ్ పెట్టిన బ్యాటరీ గంజిలా ఉడుకుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసింది పోసినట్టే ఇంకిపోతుంది. లోపల పలకలు వంగిపోయాయని లారీవాళ్ళు బ్యాటరీలు తెచ్చి నా ముందు పడేస్తున్నారు.

ఫోన్ చేస్తే నాన్నది ఒకటే మాట. "నువ్వు నీళ్ళు చూసుకోవడం లేదురా. బ్యాటరీలు వెనక్కి రావడం నిలిస్తేనే ఆడ ఇల్లు, సంసారం. అంతవరకు కోడలు ఈడనే." గది తలుపు తీసే ఉంటుంది, నాకు మాత్రం బయటికి పోయే వీలు లేదు. నిన్ను చూడాలని ఉంది.

నీ కేశవ్


మూకండపల్లి, హోసూరు,
మే 1997

ప్రియమైన మీకు,

మీ జాబు సుబ్బక్క కొంగులో దాచి తెచ్చింది. "మొగుడి జాబుకు కూడా దొంగతనమా తల్లీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా రోజు వంటింట్లో మొదలై వంటింట్లోనే ముగుస్తుంది. పక్క వీధికి పోతానన్నా "వాడు లేనప్పుడు నీకేం పనమ్మా" అంటారు అత్తమ్మ. మంచిగానే అంటారు, అదే నా బాధ.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ చార్జర్‌ను మీతో పంపే ముందు ధనుర్మాసంలో ఇక్కడే పరీక్షించారు కదా. మామ స్వెట్టర్ వేసుకుని, చేతులు రుద్దుకుంటూ, కరెంటు పెంచే తగ్గించే నాబ్ తిప్పారు. సరిపోయిన చోట నూనెలో కలిపిన కుంకుమతో బొట్టు పెట్టి, "దీన్ని దాటేది లేదు, తగ్గేది లేదు" అన్నారు.

ఈ ఊరి చలిలో పాలకు గరిటెడు తోడు వేసి, పొయ్యి పక్కన పెడితేగానీ పెరుగు తోడుకోదు. మీరున్న ఊరి ఎండలో అంతే వేస్తే మధ్యాహ్నానికే పులిసిపోతుంది. అక్కడ బ్యాటరీకి వేడే సగం పని చేస్తోందేమో. కరెంటు కూడా అంతే బలంగా ఎందుకు? నాబ్ కొంచెం తగ్గించి చూడండి.

మీ నమిత


కృష్ణగిరి,
మే నెలాఖరు

ప్రియమైన నమితకు,

నీ మాట నిజమే అనిపించింది. నాబ్ మీద చెయ్యి కూడా వేశాను. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాత కాలం నుంచి మా ఇంట్లో ఆయుధపూజకు తక్కెడకైనా, గల్లాపెట్టెకైనా పెద్దాయన పెట్టిందే బొట్టు, దాన్ని ఎవరూ దాటలేదు. తగ్గించాక ఒక్క బ్యాటరీ నిండకపోయినా నాన్న నన్ను హోసూరు గడప తొక్కనివ్వడు.

ఇవాళ సుబ్రమణి అనే లారీ డ్రైవర్ వచ్చి, "ఏమప్పా, బ్యాటరీ అమ్మినావా, కుంపటి అమ్మినావా" అన్నాడు. తల ఎత్తలేకపోయాను. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో.

నీ కేశవ్


మూకండపల్లి,
జూన్ 1997

ప్రియమైన మీకు,

ఓర్చుకోమన్నారు, ఓర్చుకుంటూనే ఉన్నాను. చిటికెడంత నాబ్ కదపలేని మనిషి, మామ ముందు నిలబడి నా భార్యను పంపండి అని ఎలా అడుగుతాడు? నాకు భయం ఆ బొట్టును చూసి కాదు, మిమ్మల్ని చూసి.

ఇది రాసి ఏడ్చాను. అయినా చింపకుండా పంపుతున్నాను.

నమిత


కృష్ణగిరి,
అక్టోబర్ 1997

ప్రియమైన నమితకు,

ఇన్నాళ్ళూ రాయనిది కోపంతో కాదు, మంచి కబురు కోసం ఆగాను. నీ జాబు చదివిన పొద్దే నాబ్‌ను బొట్టు కిందికి దించాను. మూతలు తీసి, ఎండ ఎక్కకముందే చార్జింగ్ పెడుతున్నాను. బ్యాటరీ పక్కకు అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమందా, ఆపేసి చల్లారనిస్తాను. గోడకు కిటికీ కొట్టించాను. నీళ్ళు ఇంకడం తగ్గింది, బ్యాటరీలు వెనక్కి రావడం నిలిచింది. సుబ్రమణి ఇప్పుడు తోటి డ్రైవర్లను కూడా పిలుచుకొస్తున్నాడు.

ఆయుధపూజకు నాన్న వచ్చాడు, నాబ్ చూశాడు. "ఈడ ఎండ ఎక్కువ నాన్నా, అందుకే తగ్గించినాను" అన్నాను. తిట్టలేదు. పాత బొట్టు తుడిచి, తగ్గించిన చోట కొత్తది పెట్టాడు. "అయితే ఇదే అసలు లెక్క. హోసూరు షాపులో కూడా ఇట్లే పెడతాను" అన్నాడు. ఆ సంతోషంలో ఇంటి సంగతి ఎత్తాను. "షాపు ఇప్పుడే నిలదొక్కుకుంటా ఉంది. సంసారం వస్తే ధ్యాస చెదురుతుంది. ఇట్లే కానీ" అన్నాడు.

హోసూరు చలికి ఆ లెక్క పనికిరాదని చెప్పాల్సింది. ఇల్లు లేదన్నాక చెప్పబుద్ధి కాలేదు. బాగా చేస్తే బయటపడతామనుకున్నాం. బాగా చేసినందుకే ఇరుక్కుపోయాం నమితా.

నీ కేశవ్


మూకండపల్లి,
జనవరి 1998

ప్రియమైన మీకు,

మీరు చెప్పకుండా మింగిన మాటను ఇక్కడి చలి చెప్పింది. తెల్లవారుజామున మన బ్యాటరీలు వేసిన రోజాపూల వ్యాన్లు స్టార్ట్ కావడం లేదు, మంచులో జనం నెట్టుకుంటూ పోతున్నారు. పూలతోట గోవిందప్ప తన బ్యాటరీని భుజాన మోసుకొచ్చి మన గుమ్మంలో దించాడు. "శ్రీరంగయ్యా, నా పూలు మార్కెట్టుకు అందలేదు. నీ బ్యాటరీకే దండ వేసుకో" అని వెళ్ళిపోయాడు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను వంటింట్లోంచి వచ్చి అంతా చెప్పాను. తోడు సంగతి, నాబ్ సంగతి, మీకు రాసింది నేనేనన్న సంగతి. చలికి పెంచాలి, ఎండకు తగ్గించాలి, ఏడాదంతా ఒక్క బొట్టు పనికిరాదన్నాను. మామ నన్ను షాపుకు తీసుకుపోయారు. "నువ్వే తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. ఆ వారంలో వ్యాన్లు కదిలాయి.

ఇక పంపుతారనుకున్నాను. మామ ఏమన్నారో తెలుసా? "వాడు ఆడ చూసుకుంటాడు, నువ్వు ఈడ చూసుకుంటావు. రెండు షాపులకూ తెలిసినోళ్ళు ఉండారు. ఇంకేం కావాలమ్మా." తెలివి చూపించి తలుపు నేనే మూసుకున్నానని ఆ రోజంతా కుమిలిపోయాను.

మర్నాడు నేను షాపులో ఉండగా, మామకు అన్నం క్యారియర్ అత్తమ్మ తెచ్చారు. షాపు మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి. కొంగుకు చెయ్యి తుడుచుకుని, చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీకి అరచెయ్యి ఆనించారు. మూత తీసిన చోట వంగి చూశారు. "ఇంకా బుడగలు లేవట్లేదు. నిండలేదు ఇది" అన్నారు.

"నీకేం తెలుసు?" అన్నారు మామ.

"కోడలు చెప్పింది. ఈ ఊరి చలిలో పెండ్లయినప్పటి నుంచి పెరుగు తోడేస్తా ఉండాను, ఇది నాకు రాదా? ఈడ నేను చూసుకుంటాను, పిల్లను పంపించండి." మామ ఏదో అనబోయారు. అత్తమ్మ ఆగలేదు. "మీరు బొట్టు పెట్టిన చోటనే నేను ఇన్నేండ్లు నిలబడినాను. ఈ పిల్లనన్నా కదలనీండి."

మామ క్యారియర్ తెరిచి అన్నం తిన్నారు.

బుధవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఇల్లు చూడండి. చిన్నదైనా సరే, రేకుల కప్పు మాత్రం వద్దు. అత్తమ్మ చిన్న డబ్బాలో తోడు పెరుగు కట్టి ఇచ్చారు. "ఆడ ఎండమ్మా, చుక్కే వెయ్యి" అన్నారు.

మీ నమిత