మూడో అంతస్తుకు రాని జవాబు

మార్చి 6, సోమవారం

పొద్దున్నే మూడో అంతస్తు బుకింగ్ వాళ్ళ పని ఆగిపోయింది. హాంకాంగ్‌లో అద్దె స్థలంలో పెట్టిన మా సర్వర్లు వాళ్ళకి పలకడం లేదు. మిగతా అంతస్తులకు బాగానే పలుకుతున్నాయి.

మేనేజర్ టాన్ నా బల్ల దాటుకుని వెళ్ళి ప్రసాద్‌ని పిలిచాడు. నా బల్ల దాటుకుని... వాడికి రౌటర్ ముట్టుకోవడం నేర్పిందే నేను.

మార్చి 7

ఇంకా అంతే. మనం అడిగేది హాంకాంగ్ చేరుతోంది, జవాబే తిరుగు దారిలో ఎక్కడో పోతోంది. ఆ మాట కూడా ప్రసాదే ముందు అన్నాడు. టాన్ వాడి భుజం తట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

వై2కె, ఆ రెండువేల సంవత్సరం తేదీల గొడవ, అయిపోయాక టీమ్‌లో మిగిలింది మేమిద్దరం. నెలాఖరుకు ఇద్దరి కాంట్రాక్టూ ఆఖరు. పర్మనెంట్ సీటు ఒక్కటే.

మార్చి 7, సాయంత్రం, రైల్లో

బిషాన్ స్టేషన్ దాటాక సీటు దొరికింది. రాస్తున్నా.

టాన్‌తో చెప్పేశాను. "పోయిన వారం హాంకాంగ్ రౌటర్‌లో ప్రసాద్ ఏదో మార్చాడు." అబద్ధం కాదు, మార్చాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. "కన్ఫర్మ్ ఆ?" అన్నాడు టాన్. చూడాలి అన్నాను.

మార్చి 8

మన దేశానికి, ఇంటికి ఫోన్. పాపకి ఇక్కడి స్కూల్ ఎప్పుడంటుంది మా ఆవిడ సరళ. వచ్చే నెల అన్నాను, సీటు నాదే అయినట్టు. పెట్టేసే ముందు— "ప్రసాద్ బాగున్నాడా? పాపం, మంచివాడండీ."

ఆవిడకీ వాడే మంచివాడు. ఆదివారాలు సెంబవాంగ్ వెళ్ళి అక్కడి షిప్‌యార్డులో పనిచేసే మనవాళ్ళకి ఫారాలు నింపి పెడతాడు, వాళ్ళకీ వాడే. ఎవరికి కావాలి నేను?

మార్చి 9

దొరికింది. వాడికే దొరికింది.

డిసెంబర్లో వై2కె రిహార్సల్ కోసం, మూడో అంతస్తు జవాబులు బ్యాకప్ లైన్ మీదుగా రావాలని హాంకాంగ్ రౌటర్‌లో ఒక ఆదేశం రాసి ఉంది. ఆ బ్యాకప్ లైన్‌ని మొన్న ఆదివారం తీసేశారు. రౌటర్‌లో రాసింది మాత్రం ఉండిపోయింది. జవాబులన్నీ లేని దారిలో పోతున్నాయి.

రాసింది నేను.

తాత్కాలికంగా ఏది మార్చినా, హాంకాంగ్‌దైనా సరే, ఇక్కడి మా రాక్ మీద పసుపు చీటీ అంటించాలి, మార్పు తీసేశాకే చీటీ పీకాలి. ఆ రూలు పెట్టింది కూడా నేనే. జనవరిలో కంపెనీ పెద్దవాళ్ళు సర్వర్ రూమ్ చూడటానికి వస్తున్నారంటే, నీట్‌గా ఉండాలని చీటీలన్నీ పీకేశాను. మార్పు తీయడం మర్చేపోయాను.

ఎవరు పెట్టారని టాన్ అడిగాడు. పక్కనే నా పేరుంది, ప్రసాద్ చూశాడు. చూసి కూడా, పాతది, రిహార్సల్‌ది, తీసేశానన్నాడు. పేరు కూడా దాంతోపాటే పోయింది.

తర్వాత టీ దగ్గర ప్రసాద్— "పోయిన వారం ఏం మార్చినవని టాన్ అడిగిండు అన్నా. నువ్వు చెప్పినవంట గదా... ఏం గాదు, తియ్యి."

తిట్టినా బాగుండేది.

మార్చి 10

టాన్ రిపోర్టు నన్ను రాయమన్నాడు. "ప్రసాద్ చెప్పాడు, నీకే బాగా తెలుసట." సోమవారం సీటు ఎవరిదో తేలుస్తాడట.

అన్ని గడులూ నింపాను. కారణం, బాధ్యులు— ఈ రెండే మిగిలాయి. నా పేరు రాస్తే సీటు వాడిది. రాయకపోతే అడిగేవాళ్ళు లేరు.

వాడి స్థానంలో నేనుంటే? టాన్‌ని పిలిచి ఆ పేరు చూపించి ఉండేవాణ్ణి. నిన్నటిదాకా వాడి పని చూసి ఏడ్చాను. ఇవాళ మంచితనం చూసి ఏడుస్తున్నాను. ఇది ఇంకా మండుతోంది.

ప్రసాద్ భోజనానికి పిలవడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "మకాన్‌కి పోదాం రా అన్నా, లైన్ పెరుగుతది."

వస్తున్నా, నువ్వు పద అన్నాను. కదలడు. నా కోసం ఆగాడు. బాధ్యుల గడి ఖాళీగానే ఉంది...