సున్నా అంటే ఎప్పటికీ, ఫాల్స్ అంటే అవును

సోమవారం, పొద్దున

ఇవాళ్టి నుంచి కొత్త జీవితం!

నిర్ణయం: లైవ్ సర్వర్ మీద, అంటే జనం వాడే సైటు మీద, నేరుగా చెయ్యి పెట్టను. ఏ మార్పైనా ముందు ట్రయల్ సర్వర్‌లోనే. అక్కడ ఒక రోజంతా బుద్ధిగా నడిస్తేనే లైవ్‌లోకి.

కారణం: మా అక్క. పళ్ళ డాక్టరు. ఆవిడ క్లినిక్ వెబ్‌సైట్ తయారుచేసిందీ, నడిపేదీ నేను. పోయిన నెలలో అది పదేపదే పడకేసింది. నిన్న అక్క అంది: "పర్లేదులేరా. కానీ రెండో క్లినిక్ తెరిచేలోపు ఇంకోసారి ఆగిందంటే మాత్రం ఏదైనా కంపెనీకి అప్పజెప్పేస్తా."

అక్క నోట "పర్లేదులే" వచ్చిందంటే కొంప మునిగినట్టేనని మా ఇంట్లో అందరికీ తెలుసు.

రెండో క్లినిక్ వచ్చే సోమవారం. అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. నాకదెంత?

సోమవారం, మధ్యాహ్నం

అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో! పాస్‌వర్డులూ సెట్టింగులూ అన్నీ కోడ్‌లోంచి ఊడబెరికి విడిగా ఒక ఫైల్లో పెట్టాను. వీటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. సర్వర్ లేవగానే ఆ ఫైలు ఒకసారి చదువుకుని పనిలోకి దిగుతుంది. ట్రయల్‌కో ఫైలు, లైవ్‌కో ఫైలు.

బావకి చూపించాను.

"బాగుందోయ్. మరి ఏది ట్రయలో ఏది లైవో నీకు గుర్తుంటుందా?" అన్నాడు.

ఈ మనిషికి మెచ్చుకోవడం చేతకాదు.

మంగళవారం

లైవ్ ముట్టుకోలేదు! చెయ్యి దురద పెట్టింది. అలమరా సర్దుకున్నాను.

బుధవారం, పొద్దున

రిసెప్షన్ ఆంటీ ఫోన్. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునేది ఈవిడే.

"బాబూ, సైటు నత్తనడక నడుస్తోంది. చేసింది నువ్వు, తిట్లు తినేది నేను."

చూశాను. పేజీ పంపేశాక కూడా, ఇంకేమైనా అడుగుతారేమోనని సర్వర్ కాసేపు లైను తెంచకుండా కాచుకుంటుంది. ఎంతసేపు అన్నది ఆ ఫైల్లో ఒక అంకె. అది మరీ పెద్దగా ఉంది. సున్నా చేస్తే అసలు కాచుకోదు.

అంకె మార్చడం మార్పు కిందికి వస్తుందా? రాదు. ఇదొక దిద్దుబాటు. నేరుగా లైవ్‌లోనే సున్నా పెట్టేశాను. చిటికెలో పని.

బుధవారం, మధ్యాహ్నం

సున్నా అంటే హద్దు లేదు అనట! ఎప్పటికీ తెంచకు అనట!! వచ్చిన ప్రతివాళ్ళ లైనూ పట్టుకుని వేలాడింది. పన్ను చూపించుకున్నాక కూడా కుర్చీ దిగని పేషెంటులా. కొత్తవాళ్ళకి చోటు లేక సైటు ఆగింది.

కాదు, ఆగలేదు. క్లినిక్ భోజనాల వేళ కాబట్టి అదీ కాసేపు నడుం వాల్చింది.

పాత అంకె పెట్టి లేపాను. "అక్కకి చెప్పకండి ఆంటీ" అని బతిమాలాను.

"నేనై నేను చెప్పను బాబూ. అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను."

అక్క అడగకూడదు. అడగదు.

గురువారం

నిర్ణయంలో చిన్న సవరణ: అంకెలకు మినహాయింపు. 

శుక్రవారం, సాయంత్రం

పేషెంట్లకి ముందురోజే గుర్తుచేసే మెసేజ్ కావాలంది అక్క. "రేపు ఉదయం మీ పన్ను తీయబడును. తిని రండి." రాసేశాను. పరీక్షించాలి. ట్రయల్‌లో రోజంతా నడపాలంటే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది.

సవరణ రెండు: సమయం లేనప్పుడు లైవ్ కూడా ఒక రకం ట్రయలే.

అయినా జాగ్రత్తపడ్డాను. ఫైల్లో "మెసేజ్‌లు పంపాలా?" అన్నచోట "ఫాల్స్" అని రాశాను. వద్దు అని అర్థం. సర్వర్‌ని పడుకోబెట్టి లేపాను. ఇక భయమేముంది? జాబితా సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని "అందరికీ" నొక్కాను.

నేను ఇంత పద్ధతిగా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

శనివారం

అందరికీ వెళ్ళింది.

ఆ ఫైల్లో ఏం రాసినా ఉత్త అక్షరాలే. నా కోడ్ చూసేదల్లా అక్కడ ఏమైనా రాసుందా లేదా అనే. ఖాళీగా ఉంటే వద్దు. ఏమైనా ఉంటే అవును. "ఫాల్స్" కూడా ఏదో ఒకటే కదా!

నేను వెళ్ళేసరికి క్లినిక్ మెట్ల మీదా జనమే. ఒక లాయరుగారు, తన పన్ను ఎందుకు తీస్తున్నారో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమంటున్నారు. మూడో ఇంటి తాతగారు కట్టుడు పళ్ళు తీసి బల్ల మీద పెట్టి, "నాకున్నవివేనమ్మా. వీటిలో ఏది పీకుతావో పీకు" అంటున్నారు.

అక్క ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు జోడించి క్షమించమంటోంది. చేసింది నేను, తలవంచింది తను. సిగ్గుతో చచ్చిపోయాను.

జనం వెళ్ళాక, ఈ వారంలో సైటు ఇంకేమైనా ఆగిందా అని ఆంటీని అడిగింది. ఆంటీ అబద్ధం ఆడలేదు.

"పర్లేదులేరా" అంది అక్క.

ఆ మాటని సర్వర్ అయితే నమ్మేది, నేను కాదు.

"ఎల్లుండి ప్రారంభం పెట్టుకుని కంపెనీవాళ్ళని ఎక్కడ వెతకను? నువ్వే చూసుకో. కానీ పాస్‌వర్డ్ ఆంటీ చేతే మార్పించు, నువ్వు చూడకు. లోపలికి వెళ్ళాలంటే ఆవిడే కొట్టి ఇస్తుంది. నిన్ను నమ్ముతున్నాన్రా, నీ చేతుల్ని కాదు."

ఆదివారం

నిర్ణయం మళ్ళీ మొదలు! సవరణలన్నీ రద్దు! అక్క ఇంకా నమ్ముతోంది, అది చాలు.

ఆంటీకి ఒకే ప్రశ్న నేర్పింది అక్క: "ట్రయల్‌లో చేశావా బాబూ?" ఆవిడ పొద్దుట్నుంచి అడుగుతూనే ఉంది. టీ కావాలన్నా అదే.

ఒక్కటే మనసులో కెలుకుతోంది. ఎప్పుడో, అవసరానికి ఉంటుందని, సర్వర్‌కి నాకోసం ఒక దొడ్డిదారి పెట్టుకున్నాను. వేరే పాస్‌వర్డ్. ఆంటీకి తెలీదు. అక్క ఇంత నమ్మాక అది ఉండకూడదు. మూసెయ్యాలి.

ఆంటీకి చెప్పి మూయించవచ్చు. అసలెందుకు పెట్టావంటే ఏం చెప్పను?

నేనే మూసేస్తా. ఆ దారినే లోపలికి వెళ్ళి, లోపల్నుంచి. ఎలాగూ వెళ్తున్నా కాబట్టి ఆ ఫాల్స్ సంగతి కూడా తేల్చేసి వస్తా. చిటికెలో పని.

రేపటి నుంచి లైవ్ ముట్టుకుంటే ఒట్టు.