బస్రా ప్యాసింజరు, పన్నెండో పేరు

2023 డిసెంబరు 17, ఆదివారం. నా భార్య రెజీనా ఐదింటికి లేచి తెల్ల నూలు చీర కట్టుకుంది. ఉగ్గాని వచ్చి తింటానంది. ఏడింటికి బేతంచెర్ల స్టేషనుకు పోయాం. ఆమె పంతొమ్మిదేళ్లు అర్జీలు పెట్టగా, మా ఉదయం బండికి ఆ రోజు ‘బస్రా ప్యాసింజరు’ అని పేరు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద రాయికి కప్పిన గుడ్డ తీశారు. పేర్లు చదివారు. బండి పోయింది. నేను టీ తెచ్చేసరికి బెంచీ చివర కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ప్రాణం లేదు. డాక్టరు గుండె అన్నాడు.

ఇది రాస్తున్నది పి. ఏసుకుమార్, తండ్రి సుందరం, వయసు 68, బి.ఎ., రిటైరైన రైల్వే బుకింగ్ క్లర్కు. నివాసం బేతంచెర్ల, నంద్యాల జిల్లా. మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే. నా తెలివి స్థిమితంగా ఉంది. చెవులు బాగా వినిపిస్తాయి. ఇదెందుకు రాశానో కింద తెలుస్తుంది. ఎవరి బలవంతమూ లేదు. మాకు పిల్లలు లేరు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరపవలసింది మా వీధి టీచరు శివలీల.

1. రెండు గదుల ఇల్లు, అందులోని సామాను నా బామ్మర్ది ఆనందం కూతురు సలోమికి. రెజీనా అర్జీల నకళ్లున్న రేకు పెట్టె కూడా ఆమెకే. పెట్టె మాత్రం అమ్మకూడదు, పారేయకూడదు.

2. స్టేషను రాయి నా ఆస్తి కాదు. అయినా దాని గురించి చెప్పవలసింది ఉంది.

1917లో, యుద్ధకాలంలో, ఇక్కడి గనుల్లో రాయి కొట్టే పదకొండుగురు సముద్రం అవతల బస్రాలో పట్టాలు వేసే పనికి ఈ స్టేషనులోనే బండెక్కారు. వారిలో లేవి రెజీనాకు ముత్తాత. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ రోజు మేస్త్రీ పేరు పేరునా పిలిస్తే, మనుషులు అప్పటికే రైలుపెట్టెలో ఉన్నందున, కింద నిలబడ్డ ఇంటివాళ్లు “ఎక్కినాడు” అని జవాబిచ్చారట. అప్పటినుంచీ ఏటా డిసెంబరు 17న మా చర్చిలో ఆ పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్లు “ఎక్కినాడు” అంటారు. వేరేవాళ్లు అనకూడదు. జవాబు రాకపోతే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. బండికి పేరు పెట్టినప్పటినుంచి చదివేది ప్లాట్‌ఫారం మీద, బండి ఆగినప్పుడు.

రాయి చెక్కింది బొజ్జన్న. అతనికి చదువు రాదు. కాగితం మీది అక్షరాన్ని బొమ్మలా చూసి అలాగే కొడతాడు. నలభై ఏళ్లలో ఒక్క ఒత్తు తప్పలేదు. రెజీనా పదకొండు పేర్లు రాసి, అదే అక్షరాలతో కింద సంతకం చేసి ఇచ్చింది. అతను పన్నెండూ కొట్టాడు. ఆ ఉదయం గుడ్డ తీసేదాకా ఎవరమూ చూడలేదు. ఆనందం వరసగా చదువుకుంటూ పోయి “రెజీనా” అని కూడా చదివేశాడు. అందరూ నవ్వారు. ఆమె బెంచీ మీదనుంచి, “నేనింకా ఎక్కల్యా, ఉండమనురా బండిని!” అంది. గార్డు కూడా నవ్వి పచ్చజెండా ఊపాడు.

3. ఆ కాగితం బొజ్జన్నకు. ఆమె పోయిన రాత్రి వచ్చి “నా చేత్తోనే సంపినా కదయ్యా” అని గడపలో కూర్చున్నాడు. కాగితంలో ఉన్నదే అతను చెక్కాడు. తప్పు అతనిది కాదని ఇందుమూలంగా నేను, ఆమె భర్తను, రాసి ఇస్తున్నాను.

4. ఆనందానికి నా నల్ల గొడుగు. రెజీనాను మట్టి చేసిన రోజు సమాధి దగ్గర అది నా తల మీద పట్టింది అతనే. కానీ నెల తిరగకముందే, “యుద్ధంలో సచ్చినోళ్ల రాయి బావా, అక్క పేరు ఆడ ఉండకూడదు” అని దాన్ని చెరిపించడానికి పూనుకున్నాడు. గొడుగు ఇస్తున్నాను. ఆ మాట మరిచిపోలేదు.

నేనూ ఒప్పుకున్నాను. అది కూడా రాయాలి. జనవరిలో, ఎండ రాకముందే బొజ్జన్న ఉలి తెచ్చాడు. పన్నెండో పేరు మీద చెయ్యి పెట్టి తీసేశాడు. “వెచ్చగుండాదయ్యా. సూడు,” అన్నాడు. చూశాను. రాయంతా మంచులా ఉంది. ఆ ఒక్క వరస ఒంటి వేడితో ఉంది. అతను ఉలి సంచిలో పెట్టుకుని పోయాడు. ఆ పేరును ఎవరూ చెరపకూడదు. నా పేరు దాని కింద చెక్కకూడదు.

5. నా స్టీలు ఫ్లాస్కు ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే గిడ్డయ్యకు. సాక్షి సంతకం కూడా తనే పెడతానన్నాడు. ఫ్లాస్కు పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకూడదని చెప్పాను.

పోయిన ఏడు డిసెంబరు 17న ఆనందం చదవనన్నాడు. సలోమి చదివింది. పదకొండు పేర్లకూ జవాబు వచ్చింది. పన్నెండోది చదివి నా వైపు చూసింది. పెళ్లయ్యాక ఆమె ఇల్లు మాదే, ఇంటివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట అంటే ఆమె వెళ్లిపోయినట్టే. నోరు తెరవలేకపోయాను.

బెంచీ వైపునుంచి వినపడింది. “నేనింకా ఎక్కల్యా, ఉండమనురా బండిని.” ఎవరూ నవ్వలేదు. గార్డు జెండా ఎత్తి దించేశాడు. బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలింది.

అప్పటినుంచి ఆ బెంచీ చివర ఎవరూ కూర్చోరు. రాతిలోడు దించి అలిసిపోయినవాళ్లు కూడా నిలబడే ఉంటారు. ఎందుకని గిడ్డయ్యను అడిగితే, పాలు కాచుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: “ఆయమ్మ బండికి కాచుకోనుండాది గదప్పా. పాపం, సంవత్సరమాయె. నువ్వు ఒక్క మాట అంటే పోతాది.”

6. పైవి కాక నాకేమైనా మిగిలితే సలోమికే. నన్ను రెజీనా పక్కన పెట్టాలి. తొందరేమీ లేదు.

7. రేపు ఉదయం ఆరున్నరకు స్టేషనుకు పోతాను. ముప్పై ఒక్క ఏళ్లు నేను కూర్చున్న కిటికీలోనే నంద్యాలకు రెండు టికెట్లు తీసుకుంటాను. ఒకటి పోవడానికి మాత్రమే. రెండోది రానూపోనూ. సలోమి పన్నెండో పేరు చదివినప్పుడు “ఎక్కింది” అంటాను.

బేతంచెర్ల, 16 డిసెంబరు 2025
(సంతకం) పి. ఏసుకుమార్

సాక్షులు, అతను మా ఎదుటే సంతకం చేయగా చూసినవారు:
తిమ్మన్న, గేట్‌మన్
ఉరుకుందమ్మ, పక్కింటి ఆమె