చెవిగారి గడియారాల కొట్టు

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, బావగారూ, పాపా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ వదిన కళ్లజోడు సంగతి అడిగావు. కొత్తది వచ్చింది. పెట్టుకున్న రోజే నా బల్ల మీద దుమ్మంతా కనిపించిందట, నాకు మనశ్శాంతి కరువైంది.

నెట్‌లో నీ కొట్టుకు ప్రకటన ఇస్తే లాభముంటుందా అని కదా రాశావు. ఎవరైనా 'గడియారం రిపేరు' అని వెతికితే మన కొట్టు పైన కనిపించాలంటే ఆ మాట కోసం వేలం పాడాలి. చూసినవాళ్లు నొక్కిన ప్రతిసారీ మన డబ్బు కరుగుతుంది. ఊరూరా షోరూములున్న ఆ పెద్ద కంపెనీ కూడా అదే మాటకు పాడుతుంది. వాళ్లతో పోటీకి దిగి చేతులు కాల్చుకున్నాను. భోజనానికి లేచేసరికి ఆ రోజు డబ్బంతా హారతి కర్పూరం. ఫోన్ చేసినవాళ్లేమో గోడ గడియారానికి బ్యాటరీ ఉందా అని అడిగేవాళ్లు.

మా ప్రకటనల పని చూసే ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. “పెద్దవాళ్లతో మీకెందుకండీ? మీ లైన్లో పేరున్న చిన్న కొట్లుంటాయి కదా, వాటి పేర్లకి పాడండి. చవగ్గా వస్తాయి. వాళ్ల కోసం వెతికినవాళ్లకి మీ కొట్టే పైన కనిపిస్తుంది.”

నీ ఉత్తరంలో ఇంకో సంగతి రాశావు. “పేరు తెలిసి వెతికేవాళ్ల ఫోన్లు కూడా తగ్గిపోయాయి అన్నయ్యా, ఆ పెద్ద కంపెనీవాళ్లు నాన్న పేరు మీద కూడా పడ్డారేమో” అన్నావు. కొట్టు మూసేసి వాళ్ల షోరూములోనే పనికి చేరతానన్నావు. అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

వాళ్లు కాదమ్మా. నేనే.

మూత తీయకముందే గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని రోగం చెప్పేవాడని నాన్నను అందరూ చెవిగారు అనేవాళ్లు. మనిద్దరికీ ఒకే బల్ల మీద పని నేర్పాడు. ఆయన పోయాక “చెవిగారి కొట్టేమిటే, నవ్విపోతారు” అని ఆ పేరు నీకు వదిలేసి, నేను ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాను. చిన్న కొట్ల పేర్లు చెప్పమని ఆవిడ అడిగినప్పుడు నా నోట ముందుగా వచ్చింది ఆ పేరే. నువ్వు వేరే ఊళ్లో ఉన్నావు, నీకేం తగులుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. గడియారాలు ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో వస్తాయని నాకు తెలియదా? తెలిసే చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మొన్న ఒక పెద్దావిడ ఫోన్ చేసి, “చెవిగారి అమ్మాయి కొట్టేనా బాబూ?” అంది. “ఇదేనండి, పంపించండి” అన్నాను. ఆ క్షణాన నా నోరు పడిపోయినా పీడా పోయేది.

నీ పేరు మీది ప్రకటన తీయించేశాను. ఆ పెద్దావిడకు కూడా ఫోన్ చేసి నిజం చెప్పాను. “మరి మీరు చెవిగారికేమవుతారు?” అని అడిగింది. కొడుకునని చెప్పడానికి నోరు రాలేదు.

నా దగ్గరికి వచ్చిన ఆవిడ గడియారం ఈ ఉత్తరంతోపాటే పార్సిల్లో పంపుతున్నాను. మూత తీయలేదు. చెవి దగ్గర మాత్రం పెట్టుకుని చాలాసేపు విన్నాను. నాన్నకు వినిపించేది నాకు వినిపించలేదు. నువ్వు విని చూడు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను, కొట్టు మాత్రం మూయకు.

ఇట్లు,
చెవిగారి కొడుకు,
నీ అన్నయ్య